లోపలి వలయాల మాటలు

హారికక్కకు జడ వేస్తుండగా మాటపెట్టెలో కొత్త చప్పుడు వినిపించింది. నడుముకు కట్టుకునే ఆ పెట్టెలో బిస్కెట్టంత డిస్కు ఒకటి ఎప్పుడూ తిరుగుతూ ఉంటుంది. దాని చప్పుడు ఫ్రిజ్ చప్పుడు లాంటిది. ఆగితే తప్ప ఉన్నట్టు తెలియదు. ఆ ఉదయం మాత్రం నేను దువ్వెన ఆపినప్పుడల్లా సన్నటి గీకుడు వినబడింది. మాడిన గిన్నె అడుగును గరిటెతో గీరితే వచ్చే చప్పుడు అది.

"అక్కా, పెట్టె ఏమన్న సతాయిస్తున్నదా?" అన్నాను.

ఆమె ఎడమచేయి ఎత్తి వేళ్లు గుండ్రంగా తిప్పింది. "మాట... లేటు," అంది.

హారికక్క నా యారాలు, మా బావ భార్య. ప్రణవి పుట్టిన మూడో రోజున ఆస్పత్రిలోనే ఆమె మెదడులో నరం చిట్లింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట కూడా పోయింది. గొంతు పోలేదు. మనం చెప్పింది ఆమెకు అర్థమవుతుంది, తను చెప్పదలచుకున్నదీ లోపల ఉంటుంది. దానికి కావలసిన మాట ఒక్కటే దొరకదు. అప్పుడు కాజీపేట వెళ్లే దారిలోని ఒక పరిశోధనశాలలో భూమేశ్వర్ సార్ ఈ పెట్టెను తయారుచేస్తున్నారు. ఆమె మనసులో ఏది మెదిలితే దానికి తగిన మాట ఆకారాన్ని పెట్టె డిస్కు మీద వెతుకుతుంది. వెతికి, చెవి వెనకనుంచి పోయే తీగ ద్వారా మెదడు మీద పరిచిన సన్నటి వలకు పంపుతుంది. మెదడు అందుకుంటే నోరు పలుకుతుంది.

నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చేసరికి పెట్టె ఆమె నడుముకు ఉంది. అది లేని హారికక్క నాకు తెలియదు. బావ పోయాక ఆ ఇంట్లో మిగిలింది ఆమె, ప్రణవి, నేను, మా ఆయన.

ల్యాబు వాళ్లు ఆ పెట్టెలో మొదట ఎక్కించినవి అవసరమైన మాటలు. నీళ్లు, ఆకలి, నొప్పి, వేడి, వద్దు. తర్వాత ఏడాదికోసారి వెళ్లినప్పుడల్లా ముందు ఇంటి మాటలు, అవి అయ్యాక ప్రణవి మాటలు కలుపుతూ వచ్చారు. ఒక్కో మాట రావడంలో ఒక్కో తీరుండేది. 'నీళ్లు' అడిగిన వెంటనే వచ్చేది. కూతురి పేరుకు మాత్రం ఆమె ముందు కళ్లు మూసుకునేది. పెదవులు కలిపి కాసేపు ఆగి, అప్పుడు "ప్ర... ణీ" అని సాగదీసేది. అది తల్లి గారాబం అనుకునేవాళ్లం. ఇంటికి వచ్చినవాళ్లకు కూడా అలాగే చెప్పేవాళ్లం.

*

నేనూ ప్రణవీ ఆమెను ల్యాబుకు తీసుకెళ్లాం. అక్కడ ఇప్పుడు భూమేశ్వర్ సార్ లేరు, రిటైరయ్యారు. ఆయన పెట్టెలు వాడుతున్నవాళ్లలో బతికున్నది హారికక్క ఒక్కతే. ఆ విభాగాన్ని చూసే నిఖత్ మేడమ్ ఆయనను ఇంటినుంచి పిలిపించింది. ముప్పై దాటని పిల్ల. మాట మెత్తన, చేతులు చురుకు. డిస్కు చప్పుడు వినగానే ఇది ఎక్కువ కాలం ఆడదని చెప్పింది. తిరిగే డిస్కు లేకుండా, చిప్పుతో పనిచేసే కొత్త పెట్టె సిద్ధంగా ఉంది. పాత మాటలన్నీ అందులోకి ఎత్తి, అవి ఏ వేగంతో మెదడుకు పోవాలో పెడితే చాలు.

డిస్కు వెనక అంటించిన చీటీ మీద 40ఎక్స్ అని ఉంది.

"నలభై ఎక్స్ అంటే ఎంత సార్? మా మిషన్ మెగాబిట్లల్లనే తీసుకుంటది," అని అడిగింది నిఖత్.

సార్ నవ్వారు. "మీ కాలంల లేదమ్మా ఇది. పాటల సీడీలు ఉండె చూడు, అది మామూలుగ ఆడే వేగం ఒక ఎక్స్. సెకనుకు నూటయాభై కిలోబైట్లు. తర్వాత ఏం వచ్చినా దానికి ఎన్ని రెట్లో చెప్పుకుంట పోయిన్రు."

నేను లోపల గుణించుకునేలోపే ప్రణవి పైకి అనేసింది. "నలభై నూటయాభైలు ఆరువేలు. ఆరు మెగాబైట్లు. ఎనిమిదితోని పెంచితే నలభై ఎనిమిది మెగాబిట్లు. గింతేనా సార్? మా ఇంట్ల నెట్ గూడ దీనికి పదింతలుంటది."

"మీ అమ్మ సినిమాలు చూస్తదా బిడ్డా ఇందుల? మాట్లాడనీకి ఇది చాలు."

హారికక్క ప్రణవి వైపు చూసి, "ఎక్కువ... మాట్లాడకు," అంది. అందరం నవ్వాం. పాత పెట్టెతో ఆమె ప్రణవిని తిట్టిన ఆఖరి తిట్టు అది.

నిఖత్ మిషన్లో నలభై ఎనిమిది కొట్టింది.

మాటలు ఎత్తేముందు సార్ ఒక పని చేస్తానన్నారు. ఇన్నేళ్లలో డిస్కు మీద మాటలు తీసేస్తూ, మళ్లీ రాస్తూ, ఖాళీ దొరికినచోటల్లా పెడుతూ వచ్చారు. కొన్ని మాటలు నాలుగేసి ముక్కలై నాలుగు మూలల ఉన్నాయి. చదివే ముల్లు అన్ని మూలలకూ పరిగెత్తాలి. అసలే జబ్బుపడిన డిస్కు. అందుకని ముక్కలన్నీ ఒకచోటికి చేర్చి, వరసగా సర్ది, అప్పుడు ఎత్తితే ముల్లుకు శ్రమ ఉండదని ఆయన ఆలోచన.

"డీఫ్రాగ్ అంటరమ్మా దీన్ని. మా కంప్యూటర్ సెంటర్ల శనివారం వచ్చిందంటే అన్ని మిషన్లకు ఇదే పని. సర్దనిది ఏదీ ముట్టుకోనిచ్చెటోళ్లు కాదు."

"ఉన్నది ఉన్నట్టు తీసుకుంటే అయిపోదా సార్?" అంది నిఖత్. ఆమె ఎప్పుడూ డీఫ్రాగ్ చూడలేదు. చిప్పులకు దాని అవసరం లేదు.

"చెత్తతోని సహా ఎందుకమ్మా కొత్త ఇంట్లకు?"

ఆ మధ్యాహ్నమంతా తెర మీద రంగురంగుల గళ్లు కదిలాయి. ఎర్రవి, పచ్చవి చెల్లాచెదురుగా ఉన్నవి ఒక్కొక్కటే నీలమై పైనుంచి వరసకట్టాయి. చూడటానికి హాయిగా ఉంది. పెట్టె విప్పేశారు కనుక హారికక్క మాట లేకుండా కూతురి చేయి పట్టుకుని కూర్చుంది. గళ్లన్నీ నీలమయ్యాక మాటలు ఎత్తడం టీ తాగేలోపు అయిపోయింది. పాతదానిలో ఉన్నదీ కొత్తదానిలోకి వచ్చినదీ ఒక్క బైటు తేడా లేకుండా సరిపోయాయని నిఖత్ రెండుసార్లు సరిచూసింది.

కొత్త పెట్టె తగిలించారు. చప్పుడు లేదు.

"హారికమ్మా, ఏం గావాలె?" అన్నారు సార్.

"నీళ్లు." అంత స్పష్టంగా ఆ మాట నేనెప్పుడూ వినలేదు. సార్ కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

ప్రణవి ముందుకు వంగింది. "నేనెవరమ్మా?"

హారికక్క కళ్లు మూసుకుంది. పెదవులు కలిపింది. ఎప్పటిలాగే కాసేపు ఆగింది. ఆ పెదవులు విడివడలేదు. బస్సు వెళ్లిపోయిందని తెలియక స్టాపులో నిలబడి రోడ్డు చివరికి చూస్తున్న మనిషిలా ఆమె ముఖం ఎదురుచూసింది.

"కొత్త కదా. అలవాటు కావాలె," అంది నిఖత్.

*

అలవాటు కాలేదు. ఇంట్లో హారికక్క నీళ్లు అడిగేది, వేడి అనేది, అన్నం వద్దనేది. ప్రణవి కాలేజీలో పాఠం చెప్పి వచ్చేసరికి గుమ్మం వైపు తిరిగి కళ్లు మూసుకునేది. ఏమీ రాకపోయేసరికి తల గోడవైపు తిప్పుకునేది. ప్రణవి చెప్పులు విప్పుతూ ఏదో ఒకటి మాట్లాడేది. "ఇయ్యాల మా హెచ్‌ఓడీ మళ్ల నిద్రపోయిండమ్మా, స్టాఫ్ మీటింగుల." పాతరోజుల్లో అయితే దానికి అక్కడినుంచి ఒక చురక వచ్చేది.

నిఖత్ ఫోన్ చేసి లెక్కలో తప్పు దొరికిందంది. పాతవాళ్ల కిలోబైటు అంటే వెయ్యి బైట్లు కాదు, వెయ్యిన్ని ఇరవైనాలుగు. ఆ లెక్కన నలభై ఎనిమిది కాదు, నలభై తొమ్మిదికి కాస్త పైన. మేం వెళ్లాం. వేగం మార్చారు. హారికక్కకు కళ్లు తిరిగి మధ్యాహ్నం దాకా పడుకుంది. లేచాక 'నీళ్లు' వచ్చింది. 'ప్రణీ' రాలేదు.

భూమేశ్వర్ సార్ ఇంటికి వచ్చారు. ఏయే మాటలు వస్తున్నాయి, ఏవి రావడం లేదు అని నన్నడిగారు. ఇరవై రెండేళ్లుగా ఆమె పక్కన ఉన్నదాన్ని నేను. ముందు వెంటనే వచ్చే మాటలన్నీ ఇప్పుడూ వస్తున్నాయనీ, ముందు ఆగి ఆగి వచ్చినవి అసలే రావడం లేదనీ చెప్పాను.

సార్ టీ గ్లాసు కింద పెట్టారు. దాని అంచు మీద వేలు గుండ్రంగా తిప్పారు.

"నలభై ఎక్స్ అన్నది అంచు మీదనే," అన్నారు.

"అంటే?" అంది ప్రణవి.

"బతుకమ్మ ఆడేటప్పుడు బయటి వరుసల ఉన్నోళ్లు ఉరికినట్టు నడవాలె. లోపలి వరుసోళ్లు మెల్లగ అడుగేసినా చాలు. చుట్టు మాత్రం అందరిది ఒక్కసారే అయితది. డిస్కు గూడ గంతే బిడ్డా. బయటి వలయంల మాట జల్ది చదువుతది, లోపలికి పోతాంటే సగమే. కంపెనోళ్లు పెద్దదే రాసుకుంటరు గదా చీటీ మీద."

మొదటి మాటలు అంచున రాశారు. ఏళ్లు గడిచేకొద్దీ లోపలికి జరుగుతూ పోయారు. నీళ్లు, నొప్పి బయటి వలయంలో. ప్రణవి లోపలి వలయాల్లో. ఒక్కో మాట రావడానికి పట్టే సమయాన్ని కూడా హారికక్క మెదడు ఆ మాటలో భాగంగానే నేర్చుకుంది. కూతురి పేరు కోసం అది తలుపు కాస్త ఆలస్యంగా తీస్తుంది. కొత్త పెట్టెనుంచి మాట ఆ లోపలే వచ్చి వెళ్లిపోతోంది. మేం గారాబం అనుకున్నది డిస్కు తిరగడమేనని నాకు అప్పుడు తెలిసింది. తెలిసినా, అది గారాబం కాదని మాత్రం అనిపించలేదు.

ప్రణవి ముఖం వెలిగింది. "అయితే కష్టమేమున్నది సార్? ఏ మాట ఏ వలయంల ఉన్నదో చూసి, దేని వేగం దానికి పెడితే అయిపాయె. చిప్పుకు చేతగాదా?"

"చేతనైతది."

"మరి?"

ఆయన ఆమె వైపు చూడలేదు. "నేను సర్దిన గదమ్మా," అన్నారు.

ఆ మాట నాకు అర్థమవడానికి కొంచెం సమయం పట్టింది. తెర మీద నీలం గళ్లు కదిలిన ప్రతిసారీ ఏదో ఒక మాట తన చోటు విడిచి ఇంకో చోటికి వెళ్లింది. ఎక్కడినుంచి వెళ్లిందో ఎవరూ రాసుకోలేదు. మాటలన్నీ భద్రంగా ఉన్నాయి. అవి ఎక్కడ ఉండేవో ఆ గుర్తే పోయింది.

ప్రణవి లేచి వంటింట్లోకి వెళ్లింది. అక్కడ కుళాయి తిప్పిన చప్పుడు వినిపించింది. ఎంతసేపటికీ కట్టిన చప్పుడు రాలేదు.

*

పాత డిస్కును పాత పెట్టెలో పెట్టి చూశారు. సర్దిన డిస్కు కదా, 'నీళ్లు' కూడా వేరే చోటినుంచి వేరే వేగంతో వచ్చింది. హారికక్క వాంతి చేసుకుంది. పెట్టె విప్పుతుండగా డిస్కు గట్టిగా గీసుకుని ఆగిపోయింది, మళ్లీ తిరగలేదు.

మాటలు ఎక్కించిన తేదీలనుబట్టి వలయాలను ఊహించి చూశారు. పాత మాటకు ఎక్కువ వేగం, కొత్త మాటకు తక్కువ. రెండు మాటలు సగం సగం వచ్చాయి. మూడో మాటకు ఆమెకు ఫిట్స్ వచ్చాయి. ప్రణవి తల్లి తల పట్టుకుంది, నేను కాళ్లు పట్టుకున్నాను. సార్ గోడకు ఆనుకుని నిలబడ్డారు. ఆ తర్వాత ఆయన ల్యాబుకు రావడం మానేశారు. రోజూ ఫోన్ చేసేవారు. "అక్క ఎట్లున్నదమ్మా?" అని అడిగి, నేను ఏం చెప్పినా "ఆఁ, ఆఁ" అని పెట్టేసేవారు.

నిఖత్ మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పింది. మాటకొక వేగం ఇక కుదరదు. అన్నిటికీ కలిపి ఒకటే వేగం ఎంచుకోవాలి. వేగం మారిన ప్రతిసారీ మెదడు పెట్టెను నమ్మడం తగ్గుతోంది. ఎన్నోసార్లు మార్చలేరు.

"మధ్యల పెట్టి చూద్దాం మేడమ్," అంది ప్రణవి.

ముప్పై ఎక్స్ పెట్టారు. సెకనుకు ముప్పై ఏడు మెగాబిట్లకు కాస్త తక్కువ. హారికక్క అటూ ఇటూ చూసి, "కొత్తిమీర," అంది. "గ్యాసు బండ," అంది. తర్వాత నా వైపు తిరిగి, "సునందా," అంది. ప్రణవి పేరు రాలేదు, నీళ్లూ రాలేదు. ఆ ఇంట్లో నేను అడుగుపెట్టిన తొలి ఏళ్లవి ఆ మాటలు. ఆ వేగం గురించి ఎవరూ మళ్లీ మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు.

తర్వాత ఇరవై రెండు ఎక్స్ పెట్టారు. మిషన్‌కు చెప్పే లెక్కలో ఇరవై ఏడుకు కాస్త పైన. ప్రణవి ఎదురుగా కూర్చుంది. తల్లి కళ్లు మూసుకుంది, పెదవులు కలిపింది, ఆగింది.

"ప్ర... ణీ."

ప్రణవి తల్లి ఒడిలో తల పెట్టేసింది. హారికక్క ఎడమచేత్తో ఆ జుట్టు నిమురుతూ, మాటలు దొరికినవి దొరికినట్టు పేర్చింది. "జడ. స్కూలు బస్సు. డబ్బా. సగం తిన్నవ్." నిఖత్ కిటికీ దగ్గరికి వెళ్లి నిలబడింది.

ఆ వేగంలో నీళ్లు, ఆకలి, నొప్పి, వద్దు ఏవీ రావడం లేదని నేను గమనించాను. చెప్పాను కూడా.

"సైగలు చేస్తది చిన్నమ్మా. నీళ్లు గావాలంటే గ్లాసు చూపిస్తది, గంతే గదా," అంది ప్రణవి.

*

ఇంటికి వచ్చాక కొన్నాళ్లు ఇల్లు ఇల్లులా ఉంది. ప్రణవి కాలేజీనుంచి రాగానే గుమ్మంలోనే పిలుపు వినిపించేది. హెచ్‌ఓడీ నిద్రకు చురక కూడా వచ్చింది. "నువ్వు గూడ... క్లాసుల." ప్రణవి పడీ పడీ నవ్వింది. "చూసినవా చిన్నమ్మా, మా అమ్మ వాపసు వచ్చింది."

హారికక్క కుడి మోకాలికి చలికి బిగుతు పట్టేది. ఆ సాయంత్రం నేను వేడినీళ్ల సంచి నింపి, తువ్వాలు చుట్టి, మోకాలి కింద పెట్టాను. ప్రణవి వచ్చి తల్లికి దుప్పటి సర్దింది. సర్దుతుంటే తువ్వాలు జారింది. అది ఎవరమూ చూడలేదు. ఆ కాలిని ఆమె కదపగలిగేది కాదు, కాని దానికి స్పర్శ ఉంది.

మేమిద్దరం ముందుగదిలో చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్నాం.

"ప్ర... ణీ," అని వినిపించింది.

"ఆఁ అమ్మా," అంది ప్రణవి ఇక్కడినుంచే.

"ప్ర... ణీ. ప్ర... ణీ."

"ఇయ్యాల మస్తు ప్రేమొచ్చింది మీ అమ్మకు," అన్నాను.

"ఇన్ని రోజులది బాకీ ఉన్నది గదా." ఆమె నవ్వుతూ ఒక కాయ తుంచి గిన్నెలో వేసింది. లోపల మంచం మీద ఎడమచేయి తడుతున్న చప్పుడు. పక్కన కూర్చోమంటోందని అనుకున్నాం. "వస్తున్ననమ్మా, రెండే ఉన్నయ్." ఆ పిలుపు ఆగకుండా వస్తూనే ఉంది. తీయగా, ప్రతిసారీ మొదట కాస్త ఆగి, సాగదీసి. ఆమె దగ్గర ఉన్న మాటల్లో మనిషిని రప్పించగలిగింది అదొక్కటే. దానికి తొందర తెలియదు.

ప్రణవి వెళ్లి దుప్పటి తీసింది. మోకాలి వెనక చర్మం అరచేయంత మేర బొబ్బలెక్కి ఉంది. హారికక్క ముఖమంతా చెమట. కూతురిని చూసి ఆమె మళ్లీ అదే మాట అంది, ఈసారి మెల్లగా.

డాక్టరు కట్టు కట్టి వెళ్లాక ప్రణవి చాలాసేపు మంచం కోడు పట్టుకుని నేల మీద కూర్చుంది.

"నవ్విన చిన్నమ్మా నేను. అమ్మ కాలు కాలుతాంటే నవ్విన."

"ఎవలకు తెలుసే? నాకు తెలుసా?"

"గదే. ఎవలకు తెల్వదు." ఆమె లేచింది. "రేపు మేడమ్‌కు ఫోన్ చేస్త. నలభై పెట్టమంట."

*

ఇదే ఆఖరిసారి అని నిఖత్ ముందే చెప్పింది. ఇప్పుడు పెట్టిన వేగమే ఉండిపోతుంది. ఇంకోసారి మారిస్తే మెదడు ఆ వల మాట వినడమే మానేస్తుంది.

హారికక్కకు అన్నీ అర్థమవుతాయి కనుక నిఖత్ ఆమెకే వివరించింది. నలభైలో ఏమి వస్తాయి, ఏమి పోతాయి, ఇరవై రెండులో ఏమి వస్తాయి, ఏమి పోతాయి. అంతా విని హారికక్క తల అడ్డంగా ఊపింది. ఎడమచేత్తో పెట్టెను పొట్టకు అదుముకుంది.

"ప్ర... ణీ," అంది.

"నాకు తెలుసమ్మా. నన్ను పిలవకున్నా ఏం గాదు. నేను ఇంట్లనే ఉంట, ఏడికి పోను. నీకు కాలింది, నువ్వు చెప్పలేకపోయినవ్. రేపు కడుపుల నొస్తది, గుండెల నొస్తది. నాకెట్ల తెలవాలె?"

హారికక్క మళ్లీ తల అడ్డంగా ఊపింది. ఆమెకు 'వద్దు' అనే మాట అందడం లేదు. అది అంచు మీది మాట. దొరికిన మాటలే ఒకదాని తర్వాత ఒకటి కూతురి ముందు పెట్టింది. "జడ. బస్సు. ఎల్లుండి. ప్ర... ణీ."

"ఆమె వద్దంటున్నది," అన్నాను నేను.

"చిన్నమ్మా, ఆ కాలు చూడు నువ్వు."

చూశాను. కట్టు కింద ఇంకా తడి ఉంది. ప్రణవి తప్పని చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. హారికక్క తప్పని చెప్పడానికీ లేదు.

నిఖత్ ప్రణవి వైపు చూసింది. ప్రణవి తల ఊపింది. తల్లి చేతిని పెట్టె మీదనుంచి వేలు వేలుగా తనే విడదీసింది.

వేగం మారాక ఆమె సాయంత్రందాకా పడుకుంది. కళ్లు తెరిచి పైకప్పును చూసింది, నిఖత్‌ను చూసింది, కూతురిని చూసింది.

"వద్దు," అంది.

ఒక్క క్షణం కూడా ఆగలేదు ఆ మాట. ఏ సాగదీతా లేదు.

"చాలా స్పష్టంగ వచ్చింది," అంది నిఖత్, ఎవరితోనూ కాదు. అని వెంటనే తెర వైపు తిరిగింది.

*

పుండు మానింది. చలి తగ్గింది. హారికక్క నీళ్లు అడుగుతోంది, వేడి అంటోంది, చాలంటోంది.

ఒక ఉదయం ప్రణవి పిండి కలుపుతుంటే గదిలోంచి "నొప్పి" అని వినిపించింది. చేతులు పిండితోనే పరిగెత్తింది. నేను వెనకే వెళ్లాను. మోకాలు చూశాం, పొట్ట చూశాం, నాలుక చూశాం. ఏమీ లేదు. హారికక్క కూతురి పిండిచేతి మణికట్టు పట్టుకుని, పక్కన కూర్చోబెట్టుకుంది. ముఖంలో ఏ బాధా లేదు.

మరునాడు డాక్టరును పిలిపించాం. ఆయన రక్తం తీయించాడు, పొట్ట స్కాన్ చేయించాడు. అన్నీ బాగున్నాయన్నాడు. ఆ సాయంత్రం గేటు దగ్గర స్కూటర్ ఆగిన చప్పుడు వినగానే, ప్రణవి ఇంకా హెల్మెట్ అయినా తీయకముందే, లోపలినుంచి వినిపించింది. "నొ... ప్పీ."

అంచు మీది మాటను ఆమె తనంతట తానే ఆపి, సాగదీసి పిలుస్తోంది.

ప్రణవి కాలేజీలో ఉన్నంతసేపూ ఆ మాట వినిపించదు. నేను పక్కన ఉంటే నీళ్లనే అడుగుతుంది. నాకు అర్థమైంది. ప్రణవికి నేను చెప్పలేదు. చెప్పవలసిన పని లేదని ఆమె ముఖం చూస్తే తెలిసింది. "ఆఁ అమ్మా, వచ్చిన," అని బదులు చెప్పడం మొదలుపెట్టింది. అయినా ప్రతిసారీ దగ్గరికి వెళ్లి కాళ్లూ పొట్టా తడిమి చూసేది. ఒక్కసారి కూడా చూడకుండా కూర్చోలేదు.

"ఎక్కడో చూపించమ్మా," అంటే ఆ చేయి ఎప్పుడూ కూతురి చెంప మీదికే వచ్చేది. "నొప్పి లేదు గదా?" అంటే ముఖం తిప్పుకునేది. లేదంటే ప్రణవి లేచి వెళ్లిపోతుందని ఆమె భయం. కూతురిని తన దగ్గర నిలిపే మాట అదొక్కటే మిగిలింది. దాన్ని ఆమె ఏ ప్రశ్నకూ వదులుకోదు.

ఒక ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక "నొప్పి" అంది. ప్రణవి వెళ్లి పక్కన కూర్చుంది. మళ్లీ "నొప్పి" అంది. నుదురు తాకితే కాలుతోంది. అన్నం సగం వదిలేసిన సంగతి నాకు అప్పుడు గుర్తుకొచ్చింది. మా ఆయన కారు తీయడానికి కిందికి పరిగెత్తాడు. ప్రణవి నిఖత్‌కు ఫోన్ చేసి, స్పీకర్ పెట్టి, తల్లి పొట్ట మీద చేయి వేసింది.

"ఇక్కడనా అమ్మా?"

"నొప్పి."

ఛాతీ మీద వేసింది. "ఇక్కడ?"

"నొప్పి."

"వీపులనా? తలనా? అమ్మా, నేను ఏడికి పోను, కూర్చున్న చూడు. నిజంగ ఏడ నొస్తున్నదో చెప్పు."

హారికక్క ఎడమచేయి మెల్లగా లేచి కూతురి చెంప మీద వాలింది. ఆ కళ్లలో నీళ్లున్నాయి. ఆ నీళ్లు దేనివో నేను చెప్పలేను.

"ఏమంటున్నరు?" అంది ఫోన్లో నిఖత్. "నొప్పి ఎక్కడ అంటున్నరు? దాన్నిబట్టే ఏ డాక్టరును పిలవాలో చూస్త. ప్రణవీ, వినబడ్తున్నదా?"

ప్రణవి చెంప మీది చేతిని అలాగే ఉంచుకుని, ఫోన్ వైపు చూస్తూ ఉండిపోయింది.